సిమెంటు తొడిగిన గోడ

బాతూకి అనే మా ఊరి చర్చి గోడలకు సిమెంటు పెట్టించింది పాదిరి కాదు, ఎదువిహేస్ తానొరి. ఈ సంగతి మొన్నటిదాకా ఊళ్ళో ఇద్దరికే తెలుసు: ఆమెకు, ఆమె ఆడపడుచు త్రీనీకి. మిగతా ఊరంతా ముప్ఫై ఏళ్ళుగా అది పాదిరి పనేననుకుంటోంది; గోడ ఉబ్బినప్పటి నుంచి, చచ్చి ఏ లోకాన ఉన్నాడో ఆ పాదిరిని తిట్టుకుంటూనే ఉంది.

స్పెయిన్ పాదిరీలు మా ముత్తాతల ముత్తాతల చేత పచ్చి ఇటుకలు మోయించి కట్టించిన చర్చి అది. మోసిందీ మేమే, మెత్తిందీ మేమే, పేరు మాత్రం వాళ్ళది. పోనివ్వండి. ఏటా సాన్ హువాన్ పండుగకు, అంటే వానలు దిగేలోపు, ఆడవాళ్ళే గోడలు మెత్తాలి. ఎర్రమట్టి, గోధుమగడ్డి, నాగజెముడు నానబెట్టిన జిగురునీళ్ళు కలిపి తొక్కాలి. మగవాళ్ళు మట్టి తోలిపెట్టి నీడన కూర్చుని వంకలు పెట్టేవారు. ఎదువిహేస్ పన్నెండో ఏట నిచ్చెన ఎక్కింది. ఆమె మెత్తితే చేతి ఆనవాలు కూడా కనబడేది కాదు.

పోనుపోను ముప్ఫై మంది మెత్తే చోట ఐదుగురు మిగిలారు. తక్కినవాళ్ళు సరిహద్దు పట్నాల ఫ్యాక్టరీలకు పోయారు. ఎదువిహేస్ అరచేతులు పగిలి నెత్తురు కారేవి. ఆ ఏడాది ఓట్లకొచ్చిన ఒక పెద్దమనిషిని చాటుగా పట్టుకుని చర్చికి సిమెంటు అడిగింది. తను చెబితే ముసలమ్మలు ఒప్పుకోరని, అది మీ ఆలోచనేనని చెప్పండంటూ పాదిరిని బతిమాలింది. గోడకు ఇనపవల కొట్టి దట్టంగా సిమెంటు పూశారు. ఊరు మురిసిపోయింది. లోపలి మట్టికి ఊపిరాడదని ఎవరికి తోచింది గనక?

పదేళ్ళ కిందట గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసినప్పుడు ఎదువిహేస్ చూసింది. నోరు విప్పితే సిమెంటు ఎవరిదన్న మాట వస్తుందని భయపడి, పైన సున్నం కొట్టించి ఊరుకుంది.

ఈ వేసవిలో ఉత్తరపు గోడ ఉబ్బింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, సిమెంటు ఊడగొట్టేసి మళ్ళీ మట్టి మెత్తాలని పంతం పట్టింది. ఏడుగురు ఆడవాళ్ళను కూడగట్టింది, మట్టి తోలించింది, పీపాల నిండా నాగజెముడు నానబెట్టింది. పాత కట్టడాలు చూసే ఆఫీసు సరేనంటే చాలు, గోడ నిలబడుతుందనుకుంది. సాన్ హువాన్ తొమ్మిది రోజులుందనగా ఎర్మోసియో నగరం నుంచి మరిసేలా అనే ఇంజనీరమ్మ వచ్చింది.

ఎదువిహేస్ త్రీనీని వెంటబెట్టుకుని ఆమెను చర్చంతా తిప్పి ఉత్తరపు గోడ దగ్గరికి తీసుకొచ్చింది. మరిసేలా వేళ్ళతో తట్టింది. బోలుగా మోగింది. ఉలితో అరచేతంత సిమెంటు చెక్కగానే లోపలి మట్టి నానిన అటుకుల్లా జారి ఆమె బూట్ల మీద పడింది.

"ఇది తీస్తే గోడ దీంతోపాటే వచ్చేస్తుందమ్మా."

"తీయకపోతే?"

"అప్పుడూ పడుతుంది. ఈ వానలకో, వచ్చే వానలకో."

"మట్టి సిద్ధంగా ఉంది తల్లీ. ఏడుగురం ఉన్నాం."

"మట్టి దేన్ని పట్టుకుంటుందమ్మా? లోపల గోడేదీ? పదేళ్ళ కిందట పిలిచుంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం."

మరిసేలా కాగితం తీసి, సిమెంటు ఎవరు పెట్టించారని అడిగింది.

"పాదిరి," అంది త్రీనీ చప్పున. "పోయాడు పాపం."

"నువ్వూరుకో త్రీనీ. నేనే పెట్టించా. ఉప్పు పూస్తే దాచిందీ నేనే."

మరిసేలా కలం ఆగలేదు. "ఎవరైనా అదే చేసేవాళ్ళమ్మా. అప్పట్లో ఊరూరా ఇదే పని. ఏ సంవత్సరం?"

ఇంజనీరమ్మ తిడుతుందనుకుంది ఎదువిహేస్. తిట్టినా బాగుండేది. ముప్ఫై ఏళ్ళు గుండెల మీద మోసిన తప్పుకు ఆ కాగితంలో ఒక సంవత్సరం అంకె సరిపోయింది. చర్చికి తాళం పడింది. లోపలున్న సాన్ లొరెన్సో విగ్రహాన్ని పక్క ఊరికి తీసుకుపోయారు.

ఆదివారం ఎదువిహేస్ ఇంటింటికీ వెళ్ళి తప్పు తనదేనని చెప్పుకుంది. మా అమ్మ కాఫీ ఇచ్చి, "ఇప్పుడవన్నీ ఎందుకు పిన్నీ," అంది. ముసలిదానికి మతి తప్పిందన్నారు కొందరు. సాయంత్రానికి మళ్ళీ పాదిరినే తిడుతూ కూర్చున్నారు. ఇంకెవరికి చెప్పుకోవాలి?

పండుగ దాటిన ఐదో రోజు మధ్యాహ్నం వాన దిగింది. వదినా ఆడపడుచులిద్దరూ చర్చి ఎదురింటి వసారాలో కూర్చుని చూస్తున్నారు. పెద్ద చప్పుడేమీ కాలేదు. గోడలోని మట్టి జారిజారి, పైకప్పు వాసాలను కూడా లాక్కుని లోపలికి కూలిపోయింది. బయటి సిమెంటు పూత మాత్రం ఇనపవలను పట్టుకుని నిలబడే ఉంది, వెనక ఏమీ లేకుండా.

త్రీనీ దానివంక చూసింది. "సిమెంటు గట్టిదే వదినా," అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అంది.

"ఔను," అంది ఎదువిహేస్. "మంచి సరుకే అడిగాను."