నలభై దగ్గర అరిగిన గీత

గనుల ఊరు మెత్లవీ దాటాక, రోడ్డు పక్కన బరువైన సంచీతో నిలబడి చెయ్యెత్తిన మనిషిని అమ్మార్ కారెక్కించుకున్నాడు. అతని పేరు మూల్దీ. మెకానిక్కు, గఫ్సా సంతలో పాత బళ్ళ సామాను అమ్ముతాడు. వెనక తలుపు తీయబోతే అమ్మార్ వద్దని ముందు కూర్చోబెట్టాడు. వెనక సీటు మీద గొర్రెచర్మం పరిచి ఉంది.

కాస్త దూరం పోగానే కారు ఒక్క కుదుపు కుదిపి, మళ్ళీ సర్దుకుంది.

“దిష్టంటున్నారు,” అన్నాడు అమ్మార్, అద్దానికి వేలాడే గుడ్డ చేపను చూపిస్తూ. “ఇది కట్టినా పోలేదు. ఇవాళ సంతలో అమ్మేద్దామంటే, ఇలా కుదిపే బండి ఎవడు కొంటాడు?”

నిజానికి ఆ కారు ఇంటి ముందు కనబడుతుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

“చేపకి ఈత తెలుసేమో గానీ ఇంజను సంగతేం తెలుసన్నా? ఆపు!”

మూల్దీ బానెట్ ఎత్తి, రెండు మరలు విప్పి, అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ ఊడదీసి మూత పెకలించాడు. లోపల నల్లటి పూత, దానిమీద జారే సన్నని లోహపు వేలు.

“నువ్వు తొక్కితే ఇంజనుకి గాలి తలుపు తెరుచుకుంటుంది. ఎంత తెరిచావో ఈ వేలు జరిగి చెబుతుంది. దాన్నిబట్టే పెట్రోలు పోస్తుంది బండి. వేలు రోజూ ఒకే చోట ఆడితే పూత అరిగి, అక్కడికొచ్చేసరికి మాట పడిపోతుంది. ఇదిగో, మిగతాదంతా నిగనిగలాడుతోంది, ఈ ఒక్కచోటే గీత. నలభై దాటవా ఏంటన్నా? గాడిదబండి తోలుతున్నావా?”

నడిచీ నడిచీ రాతిమెట్లు మధ్యలో గుంటపడతాయి, నమాజు చాపలు మోకాళ్ళ దగ్గర పల్చబడతాయి. మనిషి మరిచిపోయినదాన్ని వస్తువులు దాచిపెడతాయి. అమ్మార్ ఆ గీతను గుర్తుపట్టాడు.

ముప్ఫై ఏళ్ళు ఫాస్ఫేటు గనిలో చేసి మానేసిన ఏడాదే భార్య సాల్హాకి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు గఫ్సా ఆసుపత్రి, ఆరేళ్ళపాటు. బండి నలభై దాటితే ఆమె ఒళ్ళు తట్టుకునేది కాదు. “ఏమయ్యా, నేను మనిషినా, నీ గనిలో రాళ్ళబస్తానా? మెల్లిగా!” అనేది వెనకనుంచి. ఆమె పోయాక జరిపే నలభయ్యో రోజు నిన్ననే అయింది.

మూల్దీ సంచీలోంచి బాగున్న డబ్బీ తీసి బిగించాడు. కుదుపు పోయింది.

“ఇక తొక్కన్నా! ఎనభై!”

అమ్మార్ తొక్కబోయాడు. కాలు దిగలేదు. సంతదాకా నలభైలోనే వెళ్ళారు.

అక్కడ కొనేవాడు ఒక చుట్టు తిప్పి చూసి, “అబ్బ, వెన్నలా పోతోందే!” అన్నాడు. అమ్మార్ తాళం అతని చేతిలో పెట్టాడు. మూల్దీ పాత డబ్బీని విసిరేయబోతే ఇవ్వమని చెయ్యి చాచాడు.

“ఇదెందుకన్నా, చచ్చిన సరుకు?”

అమ్మార్ దాన్ని వెనక సీటు మీంచి తీసిన గొర్రెచర్మంలో చుట్టి చంకన పెట్టుకున్నాడు. మూల్దీ రెండు టీలు చెప్పి వెనక్కి తిరిగేసరికి, అతను అప్పటికే జనంలోంచి ఆసుపత్రి వీధిలోకి మళ్ళి, మెల్లిగా నడిచిపోతున్నాడు.