ఎత్తి పోసిన చారు

పోయినవాళ్ళని మంచిగా తలుచుకోవాలంటారు. నాకు మా ఊరి పెద్ద రైతు ఇంటావిడ చెయ్యి మాత్రమే గుర్తొస్తుంది.

కార్తీకం వస్తే మా ఊరి ఆడవాళ్ళం సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో ఉసిరికొమ్మ గుచ్చి, అక్కడే వండుకుని తింటాం. చారు వడ్డించేది ఎప్పుడూ ఆ రైతు ఇంటావిడే. అందరి ఆకుల ముందూ వంగి పోసేది. చేపలమ్ముకునే నా ముందుకు వచ్చేసరికి నడుం నిటారుగా అయ్యేది. గరిటె నా ఆకుకు తగలకూడదని అంతెత్తు నుంచి పోసేది. వేడి చారు నా కోక మీద చిందేది.

"ఏమనుకోబాకు మే, చెయ్యి అట్ట అలవాటైపోయింది" అని నవ్వేది. పక్కవాళ్ళూ నవ్వేవాళ్ళు.

ఆమె చివరి కార్తీకంలో మోకాళ్ళు పట్టేసి కూర్చుండిపోయింది. చారు గిన్నె నేను తీసుకున్నా. అందరికీ వంగి పోసినా. ఆమె ముందు మాత్రం నిటారుగా నిలబడి గరిటె పైకెత్తినా. చారు ఆమె పట్టు కోక మీద చిందింది.

"కొంచెం వంగి పొయ్యి అక్కా" అనింది. నాకన్నా పెద్దది, నన్ను అక్కా అనడం అదే మొదలు.

"ఏమనుకోబాకు, నిన్ను చూసే నేర్చుకున్నా" అన్నా. రెండో గరిటె ఇంకాస్త పైనుంచి పోసినా.