మా మావయ్యకు నేను వేసిన మార్కులు

ఈ సంగతి రాసిపెట్టక తప్పదు. మా బంధువుల్లో ఏ శుభకార్యం జరిగినా భోజనాలయ్యాక దీన్ని చెప్పుకోవడం ఆనవాయితీ అయిపోయింది. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరుగుతోంది. కిందటి నెల విన్నదాని ప్రకారం నేను మా మావయ్యను ఆసుపత్రిలో గొలుసులతో కట్టించానట. పచ్చి అబద్ధం. నేను చేసింది అంతకన్నా ఘోరం. ఆయనకు మార్కులు వేశాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి, తర్వాత అవకాశం రాదు. నాకు నిడదవోలులో జిరాక్స్ షాపు ఉంది. బడి చదువు పదో తరగతితో ఆగిపోయినా, చదవడం ఆగలేదు. మా గ్రంథాలయంలో వాస్తు బీరువా దగ్గర మొదలుపెట్టి వైద్యం బీరువా దాకా వచ్చాను. మీరు ఏ జబ్బు పేరు చెప్పినా, దాని లక్షణాలు మీలో లేకపోయినా సరే, కనిపెట్టగలను.

యేసురత్నం మావయ్య మా అమ్మకు తమ్ముడు. భీమవరం అవతల రొయ్యల చెరువుల మీద ముప్పై ఏళ్లుగా కాపలా పని. నాలుగేళ్ల కిందట ఆయనకు నిద్ర కరువైంది. చెరువులోంచి ఎవరో పిలుస్తున్నారని లేచి కూర్చునేవాడు. రాజమండ్రిలో మానసిక వైద్యం చేసే ఆసుపత్రిలో చేర్పించాం. తోడుగా నేను ఉన్నాను. రెండు వారాలకు మందులు పనిచేసి, పిలుపులు ఆగాయి, గురక మొదలైంది.

ఇంతలో ఆయన కూతురు మేరీ ప్రధానం దగ్గరపడింది. ఆదివారం చర్చిలో. నాన్న పక్కన లేకపోతే ఉంగరం తొడిగించుకోనని ఆ పిల్ల భీష్మించుకుంది. రెండు రోజులు ఇంటికి పంపమని డాక్టర్ హేమ గారిని అడిగాం. ఆవిడ అనంతపురం వైపు నుంచి కొత్తగా వచ్చారు. రొయ్యను పళ్లెంలో తప్ప ఎక్కడా చూసి ఉండరు.

"పంపేముందు ఆయన ఎవరి మీదా చెయ్యి చేసుకోరని నాకు నమ్మకం కుదరాలండి. మీరు పక్కనే ఉంటారు కదా, ఈ మూడు రోజులు ఏమైనా గమనిస్తే నాకు చెప్పండి" అన్నారు.

చెప్పడంతో సరిపెట్టే మనిషినా నేను? అప్పటికే నా సంచిలో అట్ట ఊడిన ఒక లావుపాటి పుస్తకం ఉంది. హింసకు దిగబోయే రోగిని ముందే గుర్తుపట్టడం ఎలాగో అందులో ఒక అధ్యాయం. సగం చదివాను. ఆ సగంలోనే నాలుగు ప్రమాద సూచనలు దొరికాయి. ఊరికే తిరగడం, ఉన్నట్టుండి అరవడం, పక్కవాళ్ల వస్తువుల జోలికి పోవడం, పారిపోవాలని చూడడం. ఒక్కోదానికి పది మార్కులు పెట్టి, కొత్త నోటుపుస్తకం తెరిచాను.

మావయ్య నన్ను నిరాశపరచలేదు. తెల్లవారేసరికి వరండాలో తిరుగుడు. కిటికీ దగ్గర చప్పట్లు కొట్టి, "హోయ్!" అని వార్డు అదిరేలా అరుపు. భోజనాల వేళ పక్క మంచాల వాళ్ల కంచాలు ఎత్తి చూడడం, వడ్డించేవాడితో "రేపు ఈయనకి తగ్గించి పెట్టు" అనడం. కరెంటు పోయిందా, మంచం మీంచి దూకి గుమ్మం దాకా పరుగు! నేను స్తంభం చాటు నుంచి రాస్తూనే ఉన్నాను. దొంగను పట్టిన పోలీసుకు కూడా అంత ఆనందం ఉండదు.

శుక్రవారం పొద్దున్న వార్డుకు వచ్చిన డాక్టర్ గారి చేతికి నా నోటుపుస్తకం ఇచ్చాను.

"నలభైకి ముప్పై ఎనిమిదా?" అన్నారావిడ.

"రెండు మార్కులు బంధుత్వం కొద్దీ తగ్గించానండి."

ఆవిడ నవ్వలేదు. "ఇవన్నీ మీ కళ్లతో చూశారా?"

"ఆయ్! పేజీ నంబర్లతో సహా ఉందండి."

"అయితే ఈ ఆదివారం వద్దండి. సోమవారం మళ్లీ చూద్దాం."

భళా అంటారనుకున్న చోట ఆ మాట విని నోటుపుస్తకం వెనక్కి లాక్కోబోయాను. "అంటే... ఆ పుస్తకం పాతదండి, అట్ట కూడా లేదండి" అని గొణిగాను. అప్పటికే ఆవిడ వెళ్లిపోయారు.

మావయ్య మంచం మీంచి అంతా విన్నాడు. ప్రధానానికని ఇస్త్రీ చేయించుకున్న తెల్లచొక్కాను మడత నలగకుండా సంచి అడుక్కి పెట్టేశాడు. నా మీద అరిచినా బాగుండేది.

మధ్యాహ్నం సిస్టర్ సత్యవతి గారు సెలవు ముగించుకుని డ్యూటీకి వచ్చారు. నా నోటుపుస్తకం చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఏంటండి ఇది! ఇవన్నీ ఎందుకు చేస్తున్నావని ఆయన్నడిగారా?"

"పుస్తకంలో అడగమని లేదండి."

ఉందట. నేను చదవని సగంలో.

ఆవిడ డాక్టర్ గారిని మావయ్య మంచం దగ్గరికి తీసుకొచ్చారు. డాక్టర్ గారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"వరండాలో ఎందుకు తిరుగుతున్నారు?"

"పొద్దున్నే గట్టు మీద తిరక్కపోతే కాళ్లు ఊరుకోవండి. ఇక్కడ గట్టు లేదు కదండి."

"మరి అరుపులు?"

"పావురాలండి. కొంగైనా పావురమైనా, రెక్క కనపడితే చెయ్యి దానంతటదే లేచిపోద్దండి. చెరువులో ఒక్క కొంగ దిగిందంటే రొయ్యలు తినడానికి వంద దిగుతాయండి."

"అందరి కంచాలూ ఎత్తి చూస్తున్నారట?"

"మేత ఏశాక, చెరువులో దింపిన చెక్‌ట్రే పళ్లెం ఎత్తి చూస్తామండి. మిగిలిందంటే రొయ్యకి ఒంట్లో బాలేదని లెక్క. మర్నాడు మేత తగ్గిస్తాం. ఆ మూడో మంచం సూరిబాబు గారు రెండ్రోజులుగా తినట్లేదండి. ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూడలేదు. సిస్టర్ వెళ్లి నోరు తెరిపిస్తే దవడ పన్ను చిగురు బూరెలా వాచి ఉంది. మూడు రోజులు గమనించి నేను ఒక భయంకరుణ్ణి పట్టుకున్నాను. అదే మూడు రోజుల్లో ఆయన ఒక పంటినొప్పిని పట్టుకున్నాడు.

"కరెంటు సంగతి నేను చెప్తానండి" అన్నారు సిస్టర్. "మాకూ రొయ్యల చెరువుంది. నీళ్లు చిలికే ఏరియేటర్లు ఆగితే రొయ్యకి గాలాడదు. కరెంటు పోతే మా ఆయన కూడా అన్నం ముందు నుంచి లేచి జనరేటర్ దగ్గరికి పరిగెడతాడు."

డాక్టర్ గారి చివరి ప్రశ్నలు నా నోటుపుస్తకంలో ఎక్కడా లేవు. "ఇదివరకు ఎవరినైనా కొట్టారా?"

"మా తమ్ముణ్ణండి, చిన్నప్పుడు. వాడూ కొట్టాడు. సరిపోయింది."

"ఇప్పుడు ఎవరి మీదైనా కోపం ఉందా?"

"ఉందండి."

డాక్టర్ గారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"ఎవరి మీద?"

"ఈడి మీదండి" అని నన్ను చూపించాడు.

"కోపం వస్తే ఏం చేస్తారు?"

"తగ్గేదాకా గట్టు చుట్టూ తిరుగుతానండి."

"ఇతని మీద కోపం తగ్గాలంటే ఎన్ని చుట్లు?"

మావయ్య నన్ను నఖశిఖపర్యంతం అంచనా కట్టాడు. "ఓ అరవై ఏద్దామండి. పుస్తకాలు చదివినోడు కదా."

డాక్టర్ గారు అప్పుడు నవ్వారు. సాయంత్రం వరండాలో అరవై చుట్లు మొదలయ్యాయి. నన్నూ తిరగమన్నాడు. ముప్పయ్యో చుట్టుకు నేను కుప్పకూలాను. ఆయన కోపం కూడా అక్కడే కూలి, నవ్వుగా లేచింది. శనివారం పొద్దున్న సెలవు కాగితం చేతికొచ్చింది. కింద జాగ్రత్తలు రాసి ఉన్నాయి. మందులు వేళకు వేసుకోవాలి. మద్యం ముట్టకూడదు. నిద్ర చెడితే వెంటనే తీసుకురావాలి. ఆఖరున డాక్టర్ గారి చేతిరాతతో, "మేనల్లుడికి నోటుపుస్తకం, కలం అందుబాటులో ఉంచరాదు."

మావయ్య తెల్లచొక్కా వేసుకుని చర్చిలో మొదటి వరుసలో కూర్చున్నాడు. మేరీ ఉంగరం తొడిగించుకుంది.

కాబట్టి, ఇందుమూలంగా సకల జనులకూ ప్రమాణపూర్వకంగా తెలియజేయడమేమనగా, ఇకపై ఏ మనిషినీ స్తంభం చాటు నుంచి చదవను. ఎదురుగా వెళ్లి పలకరిస్తాను. ఏ అధ్యాయాన్నీ సగంలో ఆపను.

ఇక కృతజ్ఞతలు. నా పుస్తకాన్ని పక్కనపెట్టి కుర్చీ వేసుకున్న డాక్టర్ హేమ గారికి. సెలవు నుంచి సరిగ్గా సమయానికి వచ్చిన సిస్టర్ సత్యవతి గారికి. పన్ను పీకించుకుని కూడా నాకు దండం పెట్టిన సూరిబాబు గారికి. ప్రధానం భోజనాల్లో నాకు కూర వడ్డించకుండా మూడుసార్లు దాటిపోయి, నాలుగోసారి కనికరించిన మేరీకి. చివరగా యేసురత్నం మావయ్యకు, నేను కూలబడ్డాక, మిగిలిన ముప్పై చుట్లూ నా చెయ్యి పట్టుకుని నడిపించినందుకు.