రంగు పట్టని ముక్క

2003 జూన్‌లో గుంటూరులోని ఒక ప్రైవేటు పాథాలజీ ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాను. ఇప్పుడా వృత్తిలో లేను. అప్పటి నా పని: ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనపు దిమ్మలో పొదిగి, ఉల్లిపొర కంటే పల్చగా కోసి, గాజు పలక మీద అద్ది, అందులో ఫలానా ప్రోటీన్ ఉందో లేదో రంగుతో తేల్చడం. ఉంటే గోధుమరంగు పడుతుంది. రిపోర్టు మీద సంతకం మా డాక్టరు మేడం గారిది. స్లైడు బాధ్యత నాది.

మరుసటి ఏడాది అద్దంకి టైలరు మస్తాన్ కేసు వచ్చింది. కుడి మణికట్టు మీద గడ్డ. ఒంగోలులో సర్జన్ దాని ముక్క తీసి సీసాలో వేసిస్తే ఇంటివాళ్లే మా ల్యాబుకి తెచ్చారు. క్యాన్సరని తెలిసింది గాని ఏ రకమో తెలియలేదు. రక్తనాళాల లోపలి పొరలో పుట్టిందేమోనని మేడం అనుమానం. ఆ పొర కణాల పైన కేడీఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది. పెరగమని కబురు తెచ్చే రసాయనం దానికి అతుక్కుంటే నాళం కొత్త కొమ్మలు వేస్తుంది. ఇలా కబురందుకునే ప్రోటీన్‌ని రిసెప్టర్ అంటారు. నాళాల పరీక్షల్లో ఆ నెల మా దగ్గర ఉన్నది అదొక్కటే. గడ్డకు రంగు పడితే మోచేతి కింద చెయ్యి తీసెయ్యాలి, పడకపోతే గడ్డ వరకు తీస్తే చాలు అని ఒంగోలు సర్జన్ చెప్పారు.

రంగు సరిగ్గా పనిచేస్తోందని తెలియడానికి ప్రతి పరీక్షలోనూ పక్కన కంట్రోల్ స్లైడు పెడతాం. మాది కాన్పులో పడిన మాయ ముక్క. అందులో నాళాలు ఎక్కువ, రంగు పట్టి తీరాలి. పట్టింది. మస్తాన్ గడ్డకు పట్టలేదు. మేడం "కంట్రోల్ సరిగ్గా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. నెగటివ్ అని టైపు చేశాను, ఆవిడ సంతకం పెట్టారు.

రిపోర్టుకి మస్తాన్, అతని అక్క ఖాశింబి వచ్చారు.

"ఏం బాబూ, ఆ ముక్కని ఇస్కూల్లో గాని వేశారా, ఇన్ని రోజులు పట్టింది?" అంది ఆవిడ. రంగు పడలేదనగానే తమ్ముడి వీపు మీద చరిచింది. "ఒరేయ్, పండక్కి నా జాకెట్లు నువ్వే కుట్టాల!"

వెళ్తూ వెళ్తూ అడిగింది: "ఆ సీసాలో ఘాటు మందు పారబోశాలే. దానివల్ల ఏం తేడా రాలేదు గదా?"

"పారబోశారా?"

"మరేంది? పోయినేడు మా పక్కింటాయన పత్తి మందు తాగి పోయాడు. అప్పట్నించి అట్టా వాసనొచ్చే సీసా ఇంట్లో ఉంచం. ఇక్కడికి తెచ్చేదాకా ఆ రెండ్రోజులూ ముక్కని ఉత్తినే ఉంచలేదులే, ఉప్పునీళ్లు పోశా. ఉప్పేస్తే మాగాయే ఏడాదుంటది!"

ఆ ఘాటు మందు ఫార్మలిన్, ముక్కలోని ప్రోటీన్లు చెడకుండా ఆపేది అదే. సీసా వచ్చినప్పుడు సగమే నిండి ఉంది. బస్సులో ఒలికిందనుకుని పైన ఫార్మలిన్ నేనే పోశాను. అడగలేదు, రిజిస్టర్లో రాయలేదు.

లోపలికి పరుగెత్తి స్లైడు మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టాను. గడ్డ పక్కన మస్తాన్ మామూలు రక్తనాళాలు ఉన్నాయి. వాటికి రంగు పట్టాలి. ఒక్కదానికీ పట్టలేదు. చెడింది ముక్క. గడ్డ గురించి ఆ స్లైడు ఏమీ చెప్పలేదు.

బయటికొచ్చి ఆ రిపోర్టు కాగితం వెనక్కి ఇమ్మన్నాను.

"ఇస్తే చెయ్యి కూడా తీసుకుంటారా ఏంది?" అంది ఖాశింబి. మస్తాన్ కాగితం మడత విప్పి నా చేతికిచ్చాడు.

సర్జన్ మళ్లీ తీసిన రెండో ముక్కను ఒంగోలు వెళ్లి నేనే తెచ్చాను. గడ్డకు, నాళాలకు రెండింటికీ రంగు పట్టింది. చెయ్యి తీశారు. తర్వాత ఖాశింబి నన్ను ఒక్కటే అడిగింది: "నా ఉప్పునీళ్ల వల్లేనా?" చెయ్యి పోయింది జబ్బు వల్ల, ఉప్పునీళ్లు దాన్ని కనపడకుండా చేశాయంతే అన్నాను. కనిపెట్టాల్సింది నేనని కూడా చెప్పాను.

సీసాలో ద్రవం తగ్గితే పోసే ముందు అడగాలి. నెగటివ్ అని రాసే ముందు రోగి సొంత నాళాలకు రంగు పట్టిందో లేదో చూడాలి. ఈ రెండూ నాకు కొత్త సంగతులు కావు. డిప్లొమా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవే.