ఒక్క దణ్ణం పెట్టుకుని

కరెంటు కావాలని ఎవరూ అడగని రోజులవి. అదేమిటో తెలిస్తే కదా అడగడానికి. పంతొమ్మిది వందల ఇరవైల్లో, నా పంతొమ్మిదో ఏట, సాలూరులో కొండల మీంచి దిగే కర్రను కోసే మిల్లులో నాకు గుమస్తా పని దొరికింది. మిల్లు వెనక ఉన్న పాత బంగళాని తడికెలతో నాలుగు వాటాలు చేసి పనివాళ్లకిచ్చారు. ఒక వాటాలో నేనూ, అమ్మ పోయాక నన్ను పెంచిన మా అక్కా. మిగిలినవాటిలో ఇంజను మేస్త్రి, హెడ్ గుమస్తా, పెదబయలు వైపు నుంచి దిగివచ్చిన కాపలాదారు, వాళ్ల వాళ్ల సంసారాలు. సాయంత్రం మిల్లు డైనమో నుంచి ఇంటికొక బల్బుకి కరెంటు వచ్చేది. (మొదటి వారం మా అక్క దాని కింద కూర్చుని, ఏరేసిన బియ్యమే మళ్లీ ఏరింది.)

గోడల్లో తీగ పాతది, సన్నది. మూడు బల్బుల వరకే మోస్తుంది. నాలుగోది వెలిగితే తీగ కాలిపోకుండా మేస్త్రి పెట్టిన ఫ్యూజు కరిగి అందరికీ చీకటయ్యేది. చదువుకున్నవాణ్ణని వంతులు వెయ్యమని నాకు చెప్పారు. రోజుకొక ఇంటివాళ్లు బల్బు వెయ్యకూడదు. కాగితం మీద గళ్లు గీసి నాలుగు తలుపులకీ అంటించి, రాజ్యం ఏలుతున్నట్టు తిరిగాను. మొదటి రోజు మేస్త్రి వంతు; ఫ్యూజు పోయింది. రెండో రోజు హెడ్ గుమస్తా వంతు, మళ్లీ పోయింది. ఇద్దరూ మేము వెయ్యలేదన్నారు. మూడో రోజు కాపలాదారు వంతు, ఫ్యూజు నిలిచింది! అతను బల్బు వెయ్యని రోజు బాగుంది కాబట్టి దోషం అతని బల్బుదేనని తేల్చాను. (తర్కశాస్త్రం కొంత చదివాను.)

"నానేటి సేసినాను బాబూ? ఎయ్యొద్దన్న రోజు ఎయ్యనేదు కదా" అన్నాడతను.

"అందుకే నువ్వే" అన్నాను. అతనికి అర్థం కాలేదు. కాసేపటికి నాకూ అర్థం కాలేదు.

నాలుగో రోజు పొద్దున్న మేస్త్రి వచ్చి, "మిల్లు సావుకారు సాయంత్రం సూడ్డానికొత్తారట. ఈసారి పోతే తీగ పీకించెత్తారు. తవర్ని కూడా పంపించెత్తారు" అన్నాడు. ఉద్యోగం పోతే వాటా పోతుంది. అక్కని ఎక్కడికి తీసుకెళ్లాలో నాకు తెలియదు. ఆ రోజు వంతు మాదే. బల్బు వెయ్యొద్దని అక్కకి చెప్పి, మునిమాపు వేళకి కాపలాదారు గుమ్మం ముందు, అతన్ని పక్కనే నిలబెట్టుకుని, కాపలాకే కాపలా కాశాను. మూడు బల్బులూ వెలిగాయి. షావుకారు లాంతరుతో రావడమూ, అంతా చీకటవడమూ ఒకేసారి జరిగాయి. "దొరికావు!" అని కాపలాదారు చెయ్యి పట్టుకున్నాను.

"నా సేతులు రెండూ ఇక్కడే ఉన్నాయి బాబూ" అన్నాడతను.

షావుకారు లాంతరు పట్టుకుని వరసగా చూసుకుంటూ మా వాటాలోకి వెళ్లారు. స్విచ్చి వేసి ఉంది. ఆరిపోయిన బల్బు ముందు అక్క చేతులు జోడించి నిలబడి ఉంది.

"ఏటక్కా ఇది?" అన్నాను.

"సంజవేళ ఇంట్లో దీపం పెట్టకపోతే ఎలాగరా? పెమిదలు అటకెక్కించేసినాం కదా. ఒక్క దణ్ణం పెట్టుకుని ఆపేద్దామనుకున్నాను."

తడిక వెనకనుంచి హెడ్ గుమస్తా భార్య గొంతు వినిపించింది. "మేమూ అంతే సేసినామమ్మా. నువ్వు తప్పు సేత్తే మేమందరం సేసినట్టే." మేస్త్రి నేల చూశాడు.

"తప్పు మా ఇంట్లోదేనండి" అన్నాను. షావుకారు నన్ను వదిలి కాపలాదారు వైపు తిరిగారు. "మరి నీ వంతు రోజు నువ్వేం చేశావు?"

"మాకు పొయ్యుంది కద బాబూ. సంజకి దానికే దణ్ణమెడతాం."

షావుకారు లాంతరు కిందకి దించి, "రేపటినుంచి పెమిదలు దింపండి. దణ్ణాలు వాటికి, వంతులు బల్బుకి" అన్నారు. తర్వాత నాతో, "నువ్వు పనిలో ఉండు. ఆ కాగితం మాత్రం ఈ కాపలాదారుకియ్యి" అన్నారు. అతనికి చదువు రాదు. ఆ తర్వాత ఫ్యూజు పోలేదు. అతన్ని క్షమించమని అడగడానికి నాకు వారం పట్టింది.

అదంతా జరిగి చాలా ఏళ్లయింది. అక్క పోయి ఇది మూడో నెల. ఆవిడ గదిలో ఇప్పుడెవరూ ఉండరు. మునిమాపు వేళ వెళ్లి లైటు వేస్తాను. దణ్ణం పెట్టే అలవాటు నాకు లేదు. ఒక్క నిమిషం నిలబడి ఆపేద్దామనే వెళ్తాను, ఆపకుండానే వచ్చేస్తాను. కాగితం మీద గళ్లు గీసిన ఆ కుర్రవాడు చూస్తే, ఈ ముసలాయన బల్బుదే దోషమని ఇట్టే తేల్చేస్తాడు. ఈసారి అతని లెక్క తప్పు కాదు.