పులుసు లేని చేప

మొన్న మనవరాలిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నాలుగు మెట్లెక్కితే చాలు, పిల్ల ఆయాసపడుతోంది. డాక్టరమ్మ చిన్నపిల్ల, మా మనవరాలికి అక్కలా ఉంది. కంటిరెప్ప కిందికి లాగి చూసి, రక్తం తక్కువగా ఉందని చీటీ రాస్తూ, "చేపలు తింటారు కదమ్మా, మంచిది. ఆల్చిప్పలు, ఎండ్రకాయలు దొరికితే ఇంకా మంచిది. కానీ అన్నం తిన్న వెంటనే టీ ఇవ్వకండి, గంటయినా ఆగాలి. టీలో ఉండే వగరు తిండిలోని ఇనుమును పట్టేసుకుని ఒంటికి చేరనివ్వదు. కూరలో పులుపు ఉండేట్టు చూడండి. పులుపు తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది" అంది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు చెప్పడానికి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ డాక్టరు పిల్ల మీద కాదు. ఈ ఒక్క నిమిషం మాట అరవయ్యేళ్ళ కిందట బిట్రగుంటలో మా ఇంటి గడప తొక్కి చెప్పడానికి ఒక్కరంటే ఒక్కరు లేకపోయారు గదా అని.

అప్పుడు మేం రైల్వే కాలనీలో ఉండేవాళ్ళం. నాన్న లోకోషెడ్డులో ఫిట్టరు. ఇంజన్ల బొగ్గు నుసి మా దుప్పట్ల మీదా, కుండలో నీళ్ళ మీదా, ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లబట్టల మీదా ఏ తేడా చూపించకుండా పడేది. మా అక్కకు నర్సు కావాలని పిచ్చి. కాలనీలో ఎవరికి జ్వరమొచ్చినా పిలవకుండానే పోయి నుదుటి మీద తడిగుడ్డ వేసి వచ్చే రకం. స్కూలు ఫైనలు పాసైంది, నర్సు ట్రైనింగులో సీటూ వచ్చింది. తీరా శరీర పరీక్షలో వేలు గుచ్చి చూసి, రక్తం చాలదు పొమ్మన్నారు. మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తామనీ, అప్పటికి రక్తం పడితే సరే, లేకపోతే సీటు ఇంకొకరికి ఇస్తామనీ చెప్పి, ఒక నల్లటి ఇనుము టానిక్కు సీసా చేతిలో పెట్టి పంపించారు. అక్క ఇంటికొచ్చి రేకుపెట్టె విప్పలేదు. అది సర్దింది సర్దినట్టే మంచం కింద ఉండిపోయింది.

అమ్మ నడుం బిగించింది. బోగోలు అవతల రేవు నుంచి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఒకావిడ ఉండేది, మేం చేపలక్క అనేవాళ్ళం. అమ్మ ఆమెతో మాట్లాడుకుని, ఇంట్లో ఇంకెవరికి ఉన్నా లేకపోయినా అక్కకు మాత్రం రోజూ ఏదో ఒకటి దిగేట్టు ఏర్పాటు చేసింది. ఒకరోజు ఆల్చిప్పల మాంసం, ఒకరోజు ఎండ్రకాయలు, ఏదీ దొరక్కపోతే ఎండు నెత్తళ్ళు. అంతవరకూ బ్రహ్మాండం. ఇక్కడే వచ్చింది చిక్కు. పులుపు తింటే రక్తం విరిగిపోతుందని అమ్మకు ఎవరు చెప్పారో గానీ, అది ఆమెకు వేదవాక్కు. కాదు, మా ఇంట్లో బైబిలు వాక్యం అనాలి. నెల్లూరు గడ్డ మీద పుట్టి, చింతపండు లేకుండా, మామిడికాయ ముక్క తగలకుండా చేప వండిన ఆడది మా అమ్మ ఒక్కతే అయ్యుంటుంది. మా అందరికీ ఎర్రటి పులుసు, అక్కకు వేరే దాకలో ఉప్పూ మిరియాలూ వేసిన చప్పిడి ముక్కలు. వాసనకే వాంతి వచ్చేది. అక్క కళ్ళు మూసుకుని మింగేది. మా కంచాల్లోని పులుసు వంక ఒక్కసారైనా చూసేది కాదు. అది చూడలేక నాన్న ఒకసారి తన కంచంలోది రెండు చుక్కలు ఆమె అన్నంలో వెయ్యబోతే, అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆ చప్పిడి కూడు దిగడానికి టీ కావాలి గదా! అది నా పని. రైల్వే వాళ్ళ టీ అంటే తెలుసుగా, ఆకు మరిగి మరిగి నాలుక మీద వగరు పట్టేదాకా పొయ్యి మీంచి దించం. అక్క మీద ప్రేమకొద్దీ గిన్నె అడుగున ఉండే చిక్కటి టీ ఆమె గ్లాసులోనే పోసేదాన్ని. టానిక్కు కూడా అదే టీతో మింగేది, లేకపోతే నోరంతా తుప్పు రుచి అని. ఇక అమ్మ ప్రార్థన సంగతి. అన్నం ముందు కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ ఆహారం నా బిడ్డ ఒంటబట్టేటట్టు చెయ్యి తండ్రీ" అని కన్నీళ్ళతో అడిగేది. తినడం కాగానే కళ్ళు తుడుచుకుని, "ఏమే, టీ ఏదే?" అని నన్ను కేకేసేది. పాపం ఆ ప్రభువు మాత్రం ఏం చేస్తాడు!

చెప్పేవాళ్ళు లేకపోయారు అన్నాను గానీ, అది పూర్తిగా నిజం కాదు. ఒకరోజు చేపలక్క గంప దించి నీళ్ళు తాగుతూ అక్క కంచం చూసింది.

"ఇదేందమ్మా, పులుసు లేకుండా చేపేంది? రోగిష్టోళ్ళకి కూడా మేం ఇంత పులుసు పోస్తామే! తిన్నెంటనే ఆ టీనీళ్ళు తాగనీబాక తల్లీ, తిన్నదంతా యాడ ఒంటబడతాది?"

"పులుపు తింటే రక్తం విరిగిపోతాది, నీకేం తెలుసు? నువ్వు చేపలు అమ్ముకో, డాక్టరీ చెయ్యబాక" అంది అమ్మ.

నేను పకపకా నవ్వాను. అక్క కూడా నవ్వింది. చేపలక్క చిన్నబుచ్చుకుని గంప ఎత్తుకుంది. తర్వాత చేపలు తెచ్చింది గానీ, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మూడు నెలలయ్యాక మళ్ళీ వేలు గుచ్చారు. రక్తం ఎక్కడున్నది అక్కడే ఉంది. అక్క ఇంటికొచ్చి రేకుపెట్టె బయటికి లాగి, మడతలు విప్పి, ఒక్కొక్క బట్టా దండెం మీద వేసింది. ఏడవలేదు. అమ్మే ఏడ్చింది. "సముద్రమంతా తెచ్చి పెట్టినానే! తిన్నది తిన్నట్టే పోయినాది. దీని ఒళ్ళే అంత, ఏదీ ఒంటబట్టదు" అంది. పనిగట్టుకుని తిట్టిన మాట కాదు, కడుపుమంట మాట. కానీ అక్క దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత చదువు మాటెత్తితే "నాకు ఒంటబట్టదులే". నచ్చిన సంబంధం వస్తే "నా ఒళ్ళు సంసారానికి పనికిరాదులే". చివరికి బాలబడిలో పిల్లలకు ముక్కులు తుడుస్తూ జీవితం గడిపేసింది. ముక్కులు తుడవడం తప్పని కాదు. ఆమె కోరుకున్నది అది కాదు, అంతే. ఆ టీ కాచింది నేను. నవ్వింది నేను.

అక్క సంగతంతా చెప్పి, అన్నీ టీ మీదకే తోసేస్తున్నానా అని ఆ రోజే డాక్టరమ్మను అడిగాను. "అప్పటిది ఇప్పుడెలా చెప్తామమ్మా, కడుపులో నులిపురుగులున్నా అంతే" అంది. చూశారా, కడుపారా తిట్టుకోవడానికి ఒక కారణమైనా స్థిరంగా దొరకదు.

ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేసి అంతా చెప్పాను. తిడుతుందని కాచుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా అడిగింది, "అయితే తప్పు నా ఒంటిది కాదంటావా?"

కాదక్కా అన్నాను. ఇంత చిన్న మాట మా ఇంటికి చేరడానికి అరవయ్యేళ్ళు పట్టింది, వచ్చేసరికి దాన్ని వాడుకునే వయసు మా అక్కకు లేదు.