చీనీ తొక్కల బేరం

మా నాయనను బేరంలో ఓడించిన మనిషిని నేను ఒక్కరినే చూశాను. ఆమె గుంతకల్లు రైల్వే బడిలో పాఠాలు చెప్పేది. మా కిరాణా అంగడికి ఎదురు వరుసలో ఇల్లు. వీధి వీధంతా టీచరమ్మ అనే పిలిచేది. ఏటా నవంబరు రాగానే ఆమె సంచి పట్టుకొని అంగడి మెట్లెక్కేది, క్రిస్మస్ కర్జికాయలకు పండ్ల పూర్ణం నానబెట్టాలి గనుక. అందరి కర్జికాయల్లో కొబ్బరీ చక్కెరా ఉంటే, ఆమెవాటిలో సన్నగా తరిగిన ఎండుద్రాక్ష, ఖర్జూరం, చీనీ తొక్క, అదే బత్తాయి తొక్క, ఉండేవి. ద్రాక్షరసంలో నెల్లాళ్లు జాడీలో నాని, లవంగం వాసనతో నల్లగా మెరుస్తుండేవి.

నాయన మంచి ఎండుద్రాక్ష గుప్పెడు తీసి చూపించేవాడు.

"ఇవి గాదప్పా. డబ్బా అడుగున చితికినవి ఉంటాయి గదా, అవి తియ్యి."

"పండగపూట అవి యాలమ్మా టీచరమ్మా?"

"నువ్వు ఎంత మంచివి ఇచ్చినా ఇంటికి పోయి నేను ముక్కలు చేసేదే గదా. అయిన ముక్కలే తీసుకుంటా. ముక్కల రేటు చెప్పు."

నాయన డబ్బా వంచి అడుగువి తూచేవాడు. ఖర్జూరం దగ్గరా అదే మాట, జీడిపప్పు దగ్గరా అదే మాట. ఆమె మెట్లు దిగాక నా వైపు తిరిగి, "చూసి నేర్చుకో మే" అనేవాడు. నేర్చుకున్నాను. ఎంత బాగా అంటే, కూరగాయల మార్కెట్లో నన్ను చూసి గంపల మీద గోనె కప్పేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

పండగ ముందురోజు ఆమె చేసిన మొదటి పళ్లెం మా అంగడికే వచ్చేది. నాయన ఒకటి కొరికి, కళ్లు మూసుకొని, "నా ముక్కలే" అనేవాడు, ఓడిపోయినవాడిలా కాకుండా.

నాయన పోయాక అంగడి నేను చూసుకుంటున్నాను. పళ్లెం మాత్రం ఏ ఏడూ ఆగలేదు. పోయిన నవంబరులో, కుళాయి వచ్చిన రోజు, టీచరమ్మ బిందె ఎత్తబోయి జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. పండగ ఇంక ఐదు రోజులుందనగా మళ్లీ చూడటానికి వెళ్లాను. అలమరలో పైఅరన జాడీ బోర్లించి ఉంది.

"ఈ యేడు కర్జికాయలు లేవులే పాపా" అంది. "ఈ వరసలో ఇన్నేండ్లు ఒక్క ఇల్లు గూడా తప్పలా. ఈసారికి బేకరీ కేకు తెప్పించి పంచుతా."

చెప్పేది నాతోనే అయినా చూపు జాడీ మీదే ఉంది.

"నేను చేస్తా టీచరమ్మా."

"నీకొస్తాదా?"

"అంగట్లో పుట్టి పెరిగినదాన్ని, ఆ మాత్రం రాదా?"

"అదే గదా నా భయం."

నానబెట్టడానికి నెల లేదు. అయినా దారి ఉందట. ఒక ఏడు బడి పనిలో మరిచిపోయి, చీనీ రసంలో బెల్లం కరిగించి, పండ్ల ముక్కలన్నీ వేసి పొయ్యి మీదే దగ్గరకు ఉడికించిందట. అరగంట కూడా పట్టలేదట, ఎవరూ కనిపెట్టలేదట. తొక్కల లోపలి తెలుపు పూర్తిగా గీకెయ్యమని చెప్పి, చివర్న వేలు చూపించింది.

"రేపు సాయంత్రం తెచ్చి నా నాలిక మీద పెట్టు. బాగుంటేనే కర్జికాయలు. లేకుంటే కేకే. నా పేరు చెప్పి చేదో పులుపో పంచేదానికి ఒప్పుకోను."

మరుసటి రోజు పొద్దున్నే బస్టాండు దగ్గర చీనీల బండి పట్టుకున్నాను.

"ఏమన్నా, తొక్క ఇంత మందముండాదే?"

"వానల్లేవు గదక్కా. కాయ యాడ ఊరుతాది? తొక్కే మిగిలింది."

ఆ తొక్కను నేను తిట్టిన తిట్లకు బండివాడే సిగ్గుపడి ధర దించాడు. నాకు కావలసిందే తొక్క అని అతనికి తెలియదు. రసం తాగేవాడికి నష్టమైన కాయ నాకు లాభం! నాయనను మించిపోయానని మురిసిపోతూ ఇల్లు చేరాను.

కత్తిపీట ముందు కూర్చున్నాక తెలిసింది, తొక్కలో ముప్పాతిక ఆ తెలుపేనని. గీకెయ్యమన్న మాట గుర్తుంది. కానీ అంత పోరాడి తెచ్చిన సరుకు చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఉడికితే మెత్తబడుతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకొని మొత్తం తరిగేశాను. బెల్లం కరిగి, ఎండుద్రాక్ష ఉబ్బి, లవంగం, దాల్చినచెక్క, శొంఠి వాసన ఇల్లంతా అలుముకునేసరికి కళ్లు చెమర్చాయి. నాయన భుజం మీది తువ్వాలు వాసన కూడా అందులో ఎక్కడో ఉన్నట్టనిపించింది. రుచి చూడాలన్న ఆలోచనే రాలేదు.

టీచరమ్మ ఎడమచేత్తో చెంచా అందుకుంది. నోట్లో పెట్టుకుంది.

"తెలుపు గీకినావా?"

"కొంచెం..."

"ఎంత?"

"గీకలా."

"యాలమ్మే?"

"మందంగా ఉండె టీచరమ్మా. బో అగ్గవకు వచ్చె, ధర దించి ఇచ్చినాడు."

ఆమె కట్టు కట్టిన చేతిని రొమ్ముకు అదుముకొని, నొప్పి పుట్టేదాకా నవ్వింది.

"మీ నాయన కాడ తెచ్చిన ముక్కలు నేనేం చేస్తాంటినో నీకు తెలుసునా? చాటలో పోసి, ఒక్కొక్కటి ఏరి, సగానికి సగం పారేస్తాంటి. పుచ్చింది ఒక్కటి గూడా జాడీలోకి పోనీలా. ఆయప్పకు తెలిస్తే నవ్వుతాడని ఎప్పుడూ చెప్పలా."

ఇన్నేళ్లూ నేను చూసింది మెట్ల మీది బేరమే. చాట ముందు కూర్చున్న టీచరమ్మను చూడలేదు. ఆ లెక్కన గెలిచింది నాయనే. ఆ సంగతి తెలియకుండానే పోయాడు.

"ఇంకా నాలుగు దినాలుండాది" అంది ఆమె. "ఈడనే చెయ్యి, నా కండ్ల ముందర."

ఆమె వంటింట్లోనే, తను స్టూలు మీద కూర్చుని కనిపెట్టుకొని ఉండగా, మళ్లీ తెచ్చిన చీనీ తొక్కలను చెంచా అంచుతో గీకాను. తెల్లటి పొట్టు పళ్లెంలో గుట్టపడుతుంటే నా ప్రాణం విలవిల్లాడింది.

"అయిపోయింది టీచరమ్మా."

"ఇంకా గీకు."

చివరికి కాగితంలా పసుప్పచ్చ పొర మిగిలింది. తరిగి, ఉడికించి, చల్లార్చి, చెంచా ఆమె నోటికి అందించాను. ఆమె నెమ్మదిగా నమిలి మింగింది.

"జాడీ దించు" అంది.

పండగ ముందురోజు వరసలో ఏ ఇల్లూ తప్పలేదు. మొదటి పళ్లెం అంగడికే పోవాలని పట్టుబట్టింది. నేను చేసినవి నేనే మోసుకొని, రోడ్డు దాటి, నా అంగట్లోనే పెట్టుకున్నాను. గల్లాపెట్టె ముందు కూర్చొని ఒకటి కొరికి, కళ్లు మూసుకున్నాను.

ఆ చేదు ముద్ద ఇంకా ఇంట్లోనే ఉంది. రోజుకింత చపాతీలో చుట్టుకొని, మొహం వికారంగా పెట్టి మింగుతున్నాను. పారెయ్యడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.